ఇరుగు పొరుగు రాజ్యములు : పాములపర్తి వేంకట నరసింహారావుగారి దృష్టి

ఇల్లు కట్టదలచినవాడు స్థలము కొనును, దూలములు కొనును, పెంకు కొనును. పొరుగువానిని మాత్రము కొనలేడు; ఎవరున్న వారితోనే వేగవలయును. అయినను గ్రామమున పొరుగు బొత్తిగా సరిపడనివాడు ఇల్లమ్ముకొని మరియొక పేటకు పోవచ్చును. దేశమునకు ఆ సౌకర్యము లేదు. హిమాలయములను గాని, గంగానదిని గాని, బంగాళాఖాతమును గాని మరియొక తావునకు జరుపుకొనలేము. కావున పొరుగు రాజ్యములతో ఎట్లు మెలగవలయునను ప్రశ్న ఢిల్లీలోని ప్రభుత్వమువారికి మాత్రమే చెందినది కాదు. బియ్యపు ధర, కొబ్బరికాయ ధర, తుపాను కబురు, దూరదేశమునకు పనికి పోయిన కుమారుని క్షేమము, ఇవన్నియు ఆ ప్రశ్నతో ముడివడియున్నవి. తెలుగువారైన యొక ప్రధానమంత్రి ఈ విషయమున ఏమి యోచించిరో, ఆ యోచన ఎచట ఫలించెనో, ఎచట ఫలింపలేదో కోనసీమ పెద్దలకు నేడు విన్నవింప దలచితిని.

కోనసీమవారికి పరదేశపు పొరుగు కొత్త కాదు. ఎదుర్లంక రేవున నిలిచి గౌతమి ఆవలి యొడ్డు చూచినచో కనబడు యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. నదికి ఈవల ఒక చట్టము, ఆవల వేరొక చట్టము. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1930లో అమలులోనికి వచ్చెను. ఫ్రెంచి గడ్డపై అది చెల్లదు గనుక పెండ్లివారు పడవలెక్కి యానాము పోయి, మూడు ముళ్లు వేయించుకొని తిరిగి వచ్చుచుండిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరు కూడ ఏర్పడెను. ఆ పెండ్లిండ్ల మంచిచెడ్డలు అటుండనిండు. పొరుగు ప్రభుత్వము ఒక తలుపు తీసియుంచినచో మన యింటి చట్టము సగమే చెల్లునని ఆనాటి పెద్దలకు అనుభవమున తెలిసినది. 1954 నవంబరు 1న యానాము పరిపాలన భారతదేశమునకు అప్పగింపబడెను. నేడు ఎదుర్లంకకును యానామునకును నడుమ బాలయోగిగారి పేరిట వంతెన యున్నది. ఆ నీటిపై ఒకనాడు రెండు రాజ్యముల సరిహద్దు ఉండెనన్న పిల్లలు నమ్మరు.

యానాముకన్న దూరమైనను, మన కుటుంబములకు అంతకన్న దగ్గరగా వచ్చిన పరదేశము బర్మా. రంగూనును మనవారు రంగమనిరి. రంగము పోయివచ్చిన తాత, రంగము పోయి తిరిగిరాని మేనమామ గోదావరి మండలమున ఎన్ని యిండ్లలో లేరు? కోరంగి రేవు పేరునుబట్టి అచ్చటివారు తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. రంగూను రేవులో బరువులు మోయు పని, బియ్యపు మిల్లులలోని పని చాలవరకు మనవారిదే. 1930 మే నెలలో రేవు కూలీలు జీతము హెచ్చింపుమని పని మానిరి. యజమానులు బర్మా కూలీలను పెట్టుకొనిరి. రాజీ కుదరగానే వారిని తొలగించి మనవారిని మరల తీసికొనిరి. దానిపై రేగిన కల్లోలమున తెలుగు కూలీలెందరో ప్రాణములు కోల్పోయిరి. అది ఇద్దరు పేదవారి నడుమ మూడవవాడు పెట్టిన తగవు. 1937లో బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1941 డిసెంబరున జపానువారు రంగూనుపై బాంబులు వేయగా, లక్షలాది జనులు కొండలలో, అడవులలో నడిచి ఇల్లు చేరవలసి వచ్చెను, చేరనివారు ఎందరో. 1942 ఏప్రిల్ 6న ఆ బాంబులే కాకినాడపైనను, విశాఖపట్టణముపైనను పడినవి. ఆ మీదట 1964లో బర్మా సైనిక ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా మిగిలినవారును కట్టుబట్టలతో వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట పేరు ఆ రాకకు గుర్తుగా నిలిచినది. పొరుగుదేశమున జరుగు మార్పు ఎంత దూరము ప్రాకునో తెలిసికొనుటకు ఈ జిల్లావారికి పుస్తకములు అక్కరలేదు.

ఇక నరసింహారావుగారి కడకు వత్తము. ఆయన 1921 జూన్ 28న వరంగల్లు ప్రాంతమున లక్నేపల్లి గ్రామమున జన్మించిరి. నిజాము రాజ్యమున పుట్టిన ఆ తరమువారికి తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును ఇంటి వాకిట వినబడు భాషలే. సరిహద్దు అనగా గోడ కాదు, భాష మారుచోటు అను ఎరుక ఆయనకు చిన్ననాటనే కలిగియుండవచ్చునని నా యూహ. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలను ఆయన హిందీలోనికి తెచ్చిరి. 1980 నుండి 1984 వరకును, మరల 1988, 89 సంవత్సరములలోను విదేశాంగమంత్రిగా నుండిరి. 1991 జూన్ 21 నుండి 1996 మే వరకు ప్రధానమంత్రిగా నుండిరి. 2004 డిసెంబరు 23న స్వర్గస్థులైరి. 2024లో భారతరత్న బిరుదము ఆయన పేర ప్రకటింపబడెను. పరదేశ వ్యవహారములను మొదట శాఖామంత్రిగా, పిదప దేశనాయకునిగా రెండు విధముల నడిపినవారగుటచే ఆయన నడవడిలో ఒక విశేషము కానవచ్చును. తాను పాల్గొన్న ప్రభుత్వము చేసిన పొరపాటును తానే దిద్దుటకు ఆయనకు అవకాశము దొరికెను.

మొదట సంఘము మాట చెప్పుదును. దక్షిణాసియా దేశములన్నియు ఒక చావడిలో కూర్చుండవలయునని 1980లో ప్రతిపాదించినవారు బంగ్లాదేశ్ అధ్యక్షులు జియావుర్ రహమాన్‌గారు. మన ప్రభుత్వమునకు తొలుత సందేహము. చిన్న రాజ్యములన్నియు ఏకమై పెద్దదానిపై మాట చెల్లించుకొనునేమోయని ఢిల్లీవారు శంకించిరి. భారతదేశము పెత్తనము చేయునేమోయని పాకిస్తానువారు శంకించిరి. ఇద్దరి అనుమానముల నడుమ పుట్టిన బిడ్డయిది. 1983 ఆగస్టున ఏడు దేశముల విదేశాంగమంత్రులు మొట్టమొదటిసారి కూడినది ఢిల్లీలోనే. అప్పుడు మన విదేశాంగమంత్రి నరసింహారావుగారు. 1985 డిసెంబరు 8న ఢాకాలో సార్క్ అను ఆ సంఘము ఏర్పడెను.

ఆ సంఘపు నియమావళిలో ఒక నిబంధన కలదు. ఏ నిర్ణయమైనను అందరి సమ్మతితో జరుగవలయును. ఏ ఇరువురి నడుమ తగవును సభలో చర్చింపరాదు. తగవులు తీర్చని పంచాయతీ ఎందులకని మీలో కొందరు అడుగవచ్చును. గన్నవరము అక్విడక్టును తలచుకొనుడు. కాటను దొరగారి కాలమున గోదావరి కాలువనీరు నగరము లంకకు అందవలయునన్న నడుమ వైనతేయ అడ్డమై యుండెను. నదిని మరలించుట ఎవరి తరము? నదిని నదిగానే యుంచి, దానిపై నలువదితొమ్మిది కమానులతో వారధి కట్టి, కాలువను దాని మీదుగా దాటించిరి. అడ్డము పోలేదు, నీరు ఆగలేదు. ఇప్పుడు ఆ ప్రక్కనే కట్టిన కొత్త అక్విడక్టునకు, ఆకలితో వచ్చినవారిని కులమడుగక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరున్నది. తగవును తగవుగానే యుంచి, దాని మీదుగా ఉభయులకు కావలసిన పనిని దాటింపవచ్చునని నరసింహారావుగారి నమ్మకము. ఆయన చేసిన ఒడంబడికలలో ఎక్కువపాలు ఈ అచ్చులోనివే.

అయితే నా మట్టుకు నాకు ఆ నిబంధన ఇంటికి పునాదియు, తలుపునకు గడియయు రెండునని తోచును. అది లేనిచో సంఘము పుట్టియుండదు. అది యుండుటచేతనే, ఒక్కరు కాదన్నచో మిగిలిన ఆరుగురు చేతులు ముడుచుకొని కూర్చుండవలసి వచ్చినది.

నేపాళమునకు సముద్రము లేదు. ఉప్పు, కిరోసిను, బట్ట, మందులు మన రేవులనుండి మన రోడ్లమీదుగానే ఆ దేశమునకు పోవలయును. 1989 మార్చిలో వర్తకమునకును, రాకపోకలకును చేసికొన్న పాత ఒడంబడికల గడువు తీరెను. కొత్తవి కుదరలేదు. నేపాళము చైనానుండి ఆయుధములు కొనుట మన ప్రభుత్వమునకు కష్టము కలిగించియుండెను. మనవారు సరిహద్దు దారులను రెండు తప్ప తక్కినవన్నియు మూసివేసిరి. కిరోసిను లేక నేపాళపు బీదలు అడవిలోని కట్టెలు నరికి పొయ్యిలు వెలిగించుకొనిరి. అప్పుడు విదేశాంగమంత్రి నరసింహారావుగారే. ఆ నిర్ణయము ఒక్కరిది కాదు. అయినను ఆయన చేయి దానిలో లేదనుట సత్యము కాదు. పెద్ద రైతు చిన్న రైతు పొలమునకు పోవు దారికి ముళ్లకంప అడ్డము వేసినట్లయినది ఆ పని. న్యాయము తనదేయైనను ఊరిలో ఎవరును అతనిని మెచ్చరు.

ఆ దారులు ఆయన ప్రధానమంత్రి యగుటకు ముందే, 1990లో, మరల తెరువబడినవి. 1991 డిసెంబరున నేపాళ ప్రధానమంత్రి గిరిజాప్రసాద్ కొయిరాలాగారు ఢిల్లీకి వచ్చినపుడు రెండు ఒడంబడికలు విడివిడిగా వ్రాసికొనిరి, వర్తకమునకు ఒకటి, సరకు దాటింపునకు ఒకటి. విడివిడిగా వ్రాయుటలో కీలకమున్నది. వర్తకము ఇరువురి యిష్టము, బేరము కుదరకపోవచ్చును. సముద్రమునకు దారి మాత్రము బేరముతో ముడిపెట్టదగినది కాదు. నేపాళీయులు ఎంతోకాలముగా అడుగుచున్నది ఇదియే.

దారి యన్న వెంటనే తీన్ బీఘా స్ఫురించుచున్నది. వంగదేశపు ఉత్తరభాగమున దహగ్రామ్, అంగార్‌పోతా అను బంగ్లాదేశ్ పల్లెలు నాలుగువైపుల భారతభూమిచే చుట్టబడియున్నవి. ఆ పల్లెలవారు తమ స్వదేశమునకు పోవలయునన్న మన నేలమీద అడుగు పెట్టవలయును. మన లంకలలోను, చేలలోను నడిమి చేనివాడు తన పంట ఇంటికి చేర్చుటకు ఇరుగుపొరుగు చేలవారు విడిచిన పుంత మీద ఆధారపడును గదా. తీన్ బీఘా అట్టి పుంతయే. పొడవు 178 మీటర్లు, వెడల్పు 85 మీటర్లు, అంతే. దానిని కౌలుకిత్తుమని 1974లో ఇందిరాగాంధీగారు, ముజీబుర్ రహమాన్‌గారు ఒప్పందము చేసికొనిరి. ఆ మాట చెల్లుటకు పదునెనిమిది సంవత్సరములు పట్టెను. వ్యాజ్యములు నడిచినవి, ఆందోళనలు నడిచినవి. 1992 జూన్ 26న నరసింహారావుగారి ప్రభుత్వము ఆ దారిని తెరిచెను. తొలుత పగటివేళ మాత్రమే, అదియు గంట విడిచి గంట. రేయింబవళ్లు తెరచియుంచుట 2011లో జరిగెను. గజములతో కొలువదగిన నేలకై రెండు ప్రభుత్వములు ఇంతకాలము తంటాలు పడుట హాస్యాస్పదముగ కనబడవచ్చును. కాని మూరెడు గట్టునకై తరతరములు కోర్టుల చుట్టు తిరిగిన కుటుంబములు ఏ యూరిలో లేవు?

గంగాజలముల విషయమున మాత్రము ఆయన కాలము వ్యర్థమైనదనక తప్పదు. ఫరక్కావద్ద మనము ఆనకట్ట కట్టితిమి, దిగువనున్నది బంగ్లాదేశ్. 1988లో పాత ఒప్పందము ముగిసినది మొదలు 1996 వరకు నీటి పంపకమునకు ఏ వ్రాతయు లేకుండెను. కాలువ శివారు రైతు బాధ మీకు నేను చెప్పవలయునా? ఎగువవాడు ఎంత మంచివాడైనను, వంతు వ్రాతలో లేనిచో వేసవిలో శివారువాని కన్ను మొగమీదనే యుండును. నరసింహారావుగారు పదవి విడిచిన తరువాత, 1996 డిసెంబరు 12న, దేవెగౌడగారి ప్రభుత్వము ముప్పది సంవత్సరముల గడువుతో ఆ ఒడంబడిక చేసెను. పూర్వపు ప్రభుత్వము అయిదేండ్లలో చేయలేనిది కొత్తవారు కొన్ని నెలలలో చేసిరి. ఆగి చూచుట నరసింహారావుగారి గుణము. ఆ గుణమే కొన్ని తావుల ఓర్పుగాను, మరికొన్ని తావుల జాగుగాను పరిణమించెను.

ఢాకా సభ ముచ్చట ఇంకను కష్టమైనది. సార్క్ ఏడవ శిఖరాగ్ర సభ 1992 డిసెంబరున ఢాకాలో జరుగవలసియుండెను. ఆ నెల 6న అయోధ్యలో మసీదు కూల్చబడెను. మన దేశమున రక్తము ప్రవహించెను. పాకిస్తానునందును, బంగ్లాదేశమునందును హిందువుల ఇండ్లపై, ఆలయములపై దాడులు జరిగెను. సభ వాయిదా పడెను. జనవరిలో పెట్టదలచగా మరల వాయిదా పడెను. కడకు 1993 ఏప్రిల్‌లో జరిగెను. పొరుగువారితో సఖ్యతను గూర్చి ఎంత చక్కగా యోచించిన నాయకునికైనను స్వగృహమున నిప్పు రగిలినపుడు పొరుగింట మాట చెల్లదు. మసీదును కాపాడలేకపోయిన నింద ఆయనను కడవరకు వెన్నాడెను. అది కారణము లేని నింద అని నేను చెప్పలేను. ఆ సభలోనే దక్షిణాసియా దేశములు ఒండొరుల సరకులపై సుంకములు తగ్గించుకొను ఒప్పందముపై సంతకములు చేసినవి. 1995 మే నెలలో ఎనిమిదవ సభ ఢిల్లీలో జరిగెను; డిసెంబరులో ఆ ఒప్పందము అమలులోనికి వచ్చెను.

చైనాతో చేసినది ఆయన పద్ధతికి నిండు నిదర్శనము. 1962 యుద్ధము తరువాత సరిహద్దు ఎక్కడనను ప్రశ్న తేలలేదు. 1993 సెప్టెంబరు 7న పీకింగు నగరమున ఆయన సమక్షమున జరిగిన ఒప్పందము ఆ ప్రశ్నను తేల్చలేదు; తేల్చుటకు ప్రయత్నింపనులేదు. ఎవరి సేనలు ఎచ్చట నున్నవో ఆ వాస్తవాధీన రేఖను ఇరువురును మన్నింపవలయును; బలప్రయోగము చేయరాదు, చేయుదుమని బెదిరింపరాదు; అనుమానము వచ్చినచోట కలిసి పరీక్షింపవలయును. హద్దురాయి ఎక్కడ పాతవలయునో కోర్టులో తేలువరకు ఎవరి దున్నకము వారిదనుట వంటిదిది. దాని నీడలో రెండు దేశముల వర్తకము పెరిగెను. ఇరువదియారు సంవత్సరములకు పైగా పెద్ద పోరు లేకుండ గడచెను.

కాని 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఘర్షణ జరిగి మన సైనికులు ఇరువదిమంది ప్రాణములర్పించిరి. వారి నాయకుడు కర్నల్ సంతోష్ బాబుగారు సూర్యాపేటవారు, తెలుగు బిడ్డ. తుపాకి పేల్చరాదను ఒప్పందము ఉండుటచే ఆ పోరు రాళ్లతో, దుడ్డుకర్రలతో జరిగినదట. ఇంతటి ఘోరమునందును ఒప్పందపు ఛాయ మిగిలియుండుటకు సంతోషింపవలయునో, అంతటి ఒప్పందము ఆ ప్రాణములను కాపాడలేకపోయినందుకు వగవవలయునో నేను నిర్ణయింపలేకున్నాను. గీత ఎక్కడ నున్నదో వ్రాసికొనక గీతను మన్నింతుమని వ్రాసికొనుటలోని లోపము ఆనాడు బయటపడినదని మాత్రము చెప్పవచ్చును. 2024 అక్టోబరులో పహరా తిరుగుటను గూర్చి మరల ఒక ఏర్పాటు కుదిరెను.

1991లో మన ఖజానా వట్టిపోయెను. పరదేశపు సరకు కొనుటకు కొద్ది వారములకు సరిపడు ధనమే యుండగా, ఆ జులైలో సుమారు 47 టన్నుల బంగారము పరదేశపు బ్యాంకులలో కుదువపెట్టవలసి వచ్చినది. ఆ డిసెంబరున మనకు దన్నుగా నుండిన సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమాయెను. పడమర దిక్కుననే చూచుటకు అలవాటుపడిన ఢిల్లీ చూపును నరసింహారావుగారు తూర్పునకు మరలించిరి. 1994 సెప్టెంబరున సింగపూరులో చేసిన ప్రసంగమున, ఆసియా పసిఫిక్ ప్రాంతము ప్రపంచపు అంగడిలోనికి మనము దూకుటకు ఆధారభూమి కాగలదను భావమును ఆయన వెల్లడించిరి. ఆసియాన్ అను ఆగ్నేయాసియా దేశముల కూటమి 1992లో మనలను కొన్ని విషయములకు పరిమితమైన భాగస్వామిగాను, 1995 డిసెంబరున పూర్తి సంభాషణ భాగస్వామిగాను అంగీకరించెను. కోరంగి ఓడలకు ఇది కొత్త దారి కాదు. ఢిల్లీ కాగితములకు మాత్రమే కొత్త.

తూర్పునకు పోవలయునన్న వాకిలి బర్మా. 1988లో అచ్చటి విద్యార్థులు ప్రజాప్రభుత్వము కోరి వీధులలోనికి రాగా సైన్యము కాల్చి చంపెను. మన ప్రభుత్వము విద్యార్థుల పక్షము వహించెను. ఆకాశవాణి బర్మీ భాషా ప్రసారములు ఆ సేనానులను తీవ్రముగ విమర్శించుచుండెను. నీతికిది సరియైన పనియే. కాని ఆ సేనానులు దిగిపోలేదు. చైనా చెంత చేరిరి. మన ఈశాన్యమునందలి తిరుగుబాటుదారులకు వారి అడవులు ఆశ్రయమగుచుండెను. నరసింహారావుగారు విధానమును మార్చిరి. 1993లో మన విదేశాంగ కార్యదర్శి రంగూను వెళ్లిరి. 1994 జనవరిలో సరిహద్దు వర్తకపు ఒప్పందము జరిగెను. 1995 ఏప్రిల్‌లో మణిపురమునందలి మోరే వద్ద దారి తెరువబడెను. ఆ కాలముననే, గృహనిర్బంధములో నుండిన ఆంగ్ సాన్ సూచీగారికి జవహర్‌లాల్ నెహ్రూ పేరిటి బహుమానమును మన ప్రభుత్వము ప్రకటించెను. ఒక చేత వర్తకము, ఒక చేత బహుమానము. దీనిని కపటమని కొందరు, వివేకమని కొందరు పలికిరి. రంగములోని మన తాతల సమాధులను తలచుకొన్నపుడు ఆ దారి తెరువబడుటకు నా మనస్సు సంతోషించును. కాల్చబడిన విద్యార్థులను తలచుకొన్నపుడు ఆ సంతోషము అంతగా రుచింపదు.

తూర్పు స్నేహమునకు వెల లేకపోలేదు. ఆ వెలలో కొంత కోనసీమయే చెల్లించినది. నరసింహారావుగారి ప్రభుత్వ కాలముననే, 1994, 95 ప్రాంతమున, పామోలిన్ నూనెను ప్రయివేటు వర్తకులు స్వేచ్ఛగా తెచ్చుకొనవచ్చునను ఏర్పాటు వచ్చెను. ఆరంభమున సుంకము నూటికి 65 వంతులుండెను. పిమ్మట పలుమార్లు తగ్గి, హెచ్చి, మరల తగ్గెను. మలేసియా, ఇండొనేసియా దేశముల తాటిజాతి నూనె మన వంటిండ్లలోనికి వచ్చెను. పట్నపు కూలివానికి నూనె చవుక కావలయును, అది న్యాయమే. కాని అంబాజీపేట మార్కెట్టులో కురిడీ కొబ్బరి ధర పడినపుడు, దింపు కూలియు, వలుపు కూలియు పోగా రైతు చేతిలో ఏమి మిగులునో మీరెరుగుదురు. ధర పడుటకు నల్లి తెగులు, పొరుగు రాష్ట్రముల పంట వంటి కారణములును కలవు. అంతయు పామోలిన్ మీద త్రోయుట తగదు. అయినను పొరుగుదేశముతో ఒడంబడిక చేయునపుడు ఎవరి తోటలోని కాయకు ధర తగ్గునో ముందుగా లెక్కవేసి, ఆ తోటవానికి అండ చూపుట ప్రభుత్వపు విధి. సింగపూరు ప్రసంగములో తోటవాని మాట లేదు. 2010లో ఆసియాన్‌తో స్వేచ్ఛావర్తకపు ఒడంబడిక అమలులోనికి వచ్చునాటికి కేరళ రైతులు గట్టిగా గొంతెత్తిరి. మన కోనసీమ గొంతు అంతగా వినబడలేదు.

సార్క్ సభ 2014 నవంబరున ఖాట్మండులో జరిగినదే ఇంతవరకు కడపటిది. 2016లో ఇస్లామాబాదున జరుగవలసినది, ఉరి సైనిక స్థావరముపై దాడి జరిగిన పిమ్మట నిలిచిపోయెను. బంగాళాఖాతము చుట్టునున్న దేశములు 1997లో వేరొక కూటమి కట్టుకొనినవి, బిమ్‌స్టెక్ అందురు. ఈ కూటముల పేర్లు వచ్చుచుండును, పోవుచుండును. కాని ఏ తగవు వచ్చినను ఆగక నడచుచున్న పొరుగు పని ఒకటి కలదు. అది మీ యింటి కప్పునకు సంబంధించినది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమపై విరుచుకుపడిన తుపానును మీరు మరువలేదు. వేయిమందికి పైగా మరణించిరి. భైరవపాలెము వంటి జాలరి పల్లెలలో పడవలతో పోయినవారు తిరిగి రాలేదు. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలెను. ఒక తరము ఆదాయము ఒక్క రాత్రిలో పోయినది. తుపాను పుట్టుట అండమానుల చెంత గాని, బర్మా తీరము దాపున గాని జరుగును. దాని కబురు ముందుగా తెలియవలయునన్న అచ్చటి గాలి, అచ్చటి వాన లెక్కలు మనకు అందవలయును. అందులకై బంగాళాఖాతము, అరేబియా సముద్రము చుట్టునున్న దేశములు 1972 నుండి ఒక తుపాను మండలిగా నున్నవి. భారత, పాకిస్తాను, బంగ్లాదేశ్, బర్మా, సింహళము, థాయిలాండు మొదలైనవి అందు సభ్యులు. ఢిల్లీలోని మన వాతావరణ కేంద్రము ఆ దేశములన్నిటికి హెచ్చరికలు పంపును. భారత, పాకిస్తానుల నడుమ యుద్ధము జరిగిన 1999లో గాని, సార్క్ సభ నిలిచిపోయిన 2016లో గాని ఈ పని ఆగలేదు. నరసింహారావుగారు దీనిని స్థాపించినవారు కారు. అయినను తగవు మీదుగా పని దాటించుట యనగా ఏమో చూపుటకు ఇంతకన్న మంచి తార్కాణము నాకు దొరకలేదు.

2004 నుండి తుపానులకు పేర్లు పెట్టుచున్నారు. ఆ పేర్లను సభ్యదేశములు వంతులవారీగా ఇచ్చును. 2013లో మన వరిచేలను ముంచిన హెలెన్ తుపానునకు ఆ పేరు బంగ్లాదేశ్ ఇచ్చినది. 2018 డిసెంబరున కాకినాడ, యానాము తీరమును తాకిన పెథాయ్ తుపానునకు పేరు థాయిలాండుది. మనమిచ్చిన తేజ్ అను పేరు 2023 అక్టోబరున యెమెను తీరమున వెలసిన తుపానునకు వంతు వచ్చినది. 2020లో పదమూడు దేశములు కలిసి వ్రాసిన కొత్త పట్టికలో మనమిచ్చిన పేర్లు ఇంకను కొన్ని మిగిలియున్నవి.